అయిదు చిల్లుల సాక్ష్యం

25 గజాల దూరంలో నిలబెట్టిన కాగితం మీద అయిదు చిల్లులు. ముక్కు చదునుగా ఉన్న సీసపు గుండు కాగితాన్ని చింపదు. బస్సు కండక్టరు టికెట్టుకు వేసే చిల్లులా గుండ్రంగా కోసుకుంటూ పోతుంది. ఆ కోత అంచున గుండుకు పూసిన మైనమూ మసీ కలిసి బూడిదరంగు ఉంగరంలా అంటుకొని ఉంటాయి. ఈ అయిదింటిలో రెండు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మూడోది వాటిని ఆనుకొని ఉంది. మిగతా రెండూ కొంచెం ఎడంగా పడ్డాయి. అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి, కొలిస్తే ఒకటిముప్పావు అంగుళం వచ్చింది. రివాల్వర్‌కు ఇది మంచి ఫలితమే. తూటాలు ఇంట్లో తయారు చేసుకునే షూటర్ ఆ కాగితం మూలన తేదీ, గుండు బరువు, మందు పేరు, దాని తూకం రాసి భద్రంగా దాచుకుంటాడు. గుండు, మందు, ఆ మందును రగిలించే ప్రైమర్ల ఈ కూర్పునే వాళ్లు ‘లోడు’ అంటారు. ఈ లోడు నా తుపాకికి కుదిరింది అన్న తీర్పు అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. ఆ తీర్పుకు ఆ కాగితం చాలదని నా వాదన. షూటర్ అబద్ధం చెప్పాడనీ కాదు, కొలత తప్పనీ కాదు. అయిదు చిల్లులకు అంత మాట చెప్పే శక్తి లేదు.

ఈ వ్యవహారం ప్రధానంగా అమెరికాది. పేల్చిన తూటా ఇత్తడి కేసును పారెయ్యకుండా, దానికి కొత్త ప్రైమర్ అమర్చి, మందు తూచి పోసి, పైన గుండు బిగించి మళ్లీ వాడుకోవడం అక్కడ వందేళ్లు దాటిన అలవాటు. వాళ్లలో కొందరు గుండ్లు కూడా కొనరు. సీసం కరిగించి అచ్చులో పోసుకుంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కాబట్టి ఇక్కడి పాఠకుడికి ఇది చేతిపని కాదు. అయినా దీన్ని చెప్పుకోవడానికి కారణం ఉంది. తక్కువ కొలతల నుంచి పెద్ద తీర్పు ఇవ్వడం అన్ని రంగాల్లోనూ జరిగే పొరపాటే. ఆ పొరపాటు కాగితం మీద చిల్లులుగా, స్కేలుతో కొలుచుకోగలిగేంత స్పష్టంగా కనిపించే చోట్లు మాత్రం తక్కువ.

ముందు గుండు ఎందుకు దారి తప్పుతుందో చూడాలి. రివాల్వర్‌లో తూటాలు బారెల్‌లో ఉండవు, వెనకాల తిరిగే సిలిండర్‌లోని గదుల్లో ఉంటాయి. సాధారణంగా ఆరు గదులు. గుండు పేలగానే మొదట తన గది మూతిలోని సన్నని దారి గుండా జారుతుంది. తరవాత సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీని దాటుతుంది. ఆ పైన బారెల్ వెనక కొసలో గరాటులా తీర్చిన భాగంలో పడి, అక్కడి నుంచి మెలికలు తిరిగిన గాడుల్లోకి ఎక్కుతుంది. గది మూతి గుండు కంటే వదులైతే వేడి వాయువులు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోసేస్తాయి. ఆ సీసం బారెల్ గోడలకు పేరుకుంటుంది. మూతి మరీ ఇరుకైతే గుండు అక్కడే నలిగి, బారెల్‌కు చేరేసరికి సన్నబడి, గాడులను గట్టిగా పట్టుకోలేదు. గది బారెల్‌కు సరిగ్గా ఎదురుగా నిలవకపోతే గరాటు అంచు గుండును ఒక పక్క గీరేస్తుంది. .38 స్పెషల్ తూటాలో ఇంకో చిక్కు ఉంది. 1898 ప్రాంతంలో వచ్చిన ఆ కేసు పొడుగైనది. అందులో వేసే నేటి మందు కొంచెమే. ఆ మందు పేలేముందు ప్రైమర్ వైపు ఉందా, గుండు వైపు ఒరిగిందా అన్నదాన్ని బట్టి కూడా గుండు వేగం మారుతుంది.

పోత పోసిన గుండు సంగతి వేరుగా చెప్పాలి. కేవలం సీసంతో పోస్తే మెత్తగా ఉంటుంది. బ్రినెల్ కొలతలో దాని గట్టిదనం 5 దగ్గర. అందుకే తగరం, ఆంటిమొనీ కలుపుతారు. లైమన్ నంబర్ 2 అని పేరుబడ్డ మిశ్రమంలో సీసం 90 పాళ్లు, తగరం 5, ఆంటిమొనీ 5. దాని గట్టిదనం 15 దగ్గర ఉంటుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండు చర్మం ముడతలు పడుతుంది, మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. సీసం పోసే రంధ్రం మామూలుగా గుండు అడుగు వైపు ఉంటుంది. పోత గట్టిపడగానే అచ్చు పైనున్న పలకను పక్కకు తట్టితే, మిగిలిన ముద్ద తెగి పడుతుంది. తొందరపడి తడితే సీసం తెగే బదులు సాగుతుంది, అడుగు అంచు చిట్లుతుంది, లేదా అక్కడ చిన్న గుంట పడుతుంది. చూడ్డానికి అది గోరంత లోపం. గుండుకు మాత్రం అది పెద్ద గండం, ఎందుకంటే బారెల్ మూతిని చివరగా విడిచేది ఆ అంచే. అంచు ఒక పక్క చిట్లి ఉంటే వాయువు ముందుగా ఆ పక్క నుంచే బయటపడి గుండును ఒరగదోస్తుంది.

ఇది ఊహ కాదు. మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు దశాబ్దాల పాటు ఇదే పని పెట్టుకున్నాడు. మనిషి చెయ్యి వణుకు కలవకుండా బారెల్‌ను బరువైన కాంక్రీటు దిమ్మె మీద బిగించి, దానికి జిబ్రాల్టర్ కొండ పేరు పెట్టుకున్నాడు. గుండు వెళ్లే దారిలో వరసగా కాగితపు తెరలు కట్టి, ఒక్కో చోట అది ఎటు జరిగిందో చూశాడు. గుండ్ల ముక్కులను కావాలని చెక్కి పాడుచేశాడు, అడుగులను కావాలని పాడుచేశాడు. ముక్కు చెడితే గురికి పెద్ద నష్టం లేదని, అడుగు చెడితే గుండు దారి తప్పుతుందని 1909లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు. అందరి కళ్లూ గుండు ముక్కు మీద ఉన్న కాలంలో ఆయన దాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. అంతకంటే ఆయన పద్ధతి నాకు గొప్పగా కనిపిస్తుంది. ఒక్క కారణాన్ని మార్చు, మిగతావన్నీ కదలకుండా బిగించు, మళ్లీ మళ్లీ పేల్చు. ఈ మూడింటిలో మూడోదాన్నే నేటి షూటర్లు ఎక్కువగా వదిలేస్తున్నారు.

మళ్లీ మళ్లీ ఎందుకు పేల్చాలి? పైన చెప్పిన చిన్నచిన్న కారణాలన్నీ కలిసి ప్రతి గుండునూ ఒక్కో దిక్కుకు, ఒక్కో మేరకు నెడతాయి. ఏ గుండు ఎటు పోతుందో చెప్పలేం. చాలా గుండ్లు కలిసి ఎంత మేర చెదురుతాయో మాత్రం చెప్పగలం. ఆ చెదురును గణాంక శాస్త్రంలో ప్రామాణిక విచలనంతో కొలుస్తారు. ఒక తుపాకికీ లోడుకూ అది అడ్డంగా ఒక అంగుళం, నిలువుగా ఒక అంగుళం అనుకుందాం. అప్పుడు మూడు గుండ్లు పేల్చి దూరపు చిల్లుల మధ్య కొలిస్తే సగటున 2.4 అంగుళాలు వస్తుంది. అయిదు పేలిస్తే 3.1, పది పేలిస్తే 3.8. లోడు అదే, తుపాకి అదే. గుండ్ల సంఖ్య పెరిగిందంతే. మూడు గుండ్ల గ్రూపును (కాగితం మీది చిల్లుల గుంపును) చూపి ‘నాది రెండున్నర అంగుళాల తుపాకి’ అనేవాడూ, పది గుండ్ల గ్రూపు చూపి ‘నాది నాలుగు అంగుళాలది’ అని దిగులుపడేవాడూ ఒకే నాణ్యత గల తుపాకులు పట్టుకొని ఉండొచ్చు. అమెరికా సైన్యపు బాలిస్టిక్స్ పరిశోధనశాలలో పనిచేసిన ఫ్రాంక్ గ్రబ్స్ 1964లోనే రైఫిల్ షూటర్లకూ క్షిపణి ఇంజనీర్లకూ కలిపి ఈ లెక్కలను విడమర్చి రాశాడు. ఇది కొత్త విద్యేమీ కాదు.

సగటు ఒక ఎత్తు, ఆ సగటు చుట్టూ ఊగిసలాట ఇంకో ఎత్తు. అయిదు గుండ్ల గ్రూపు కొలత తన సగటు నుంచి పైకో కిందకో నాలుగో వంతుకు పైగా ఊగడం మామూలే. ఇప్పుడు ఒక పరీక్ష ఊహించండి. షూటర్ పది రకాల లోడులు తయారు చేశాడు. అవన్నీ నిజానికి ఒకటే నాణ్యత, ఒక్కోదాని సగటు గ్రూపు మూడు అంగుళాలు. ఆ సంగతి అతనికి తెలియదు. ఒక్కో లోడుతో అయిదేసి గుండ్లు పేల్చాడు. పది గ్రూపులలో అతి చిన్నది రెండు అంగుళాల లోపే వచ్చే అవకాశం ఎక్కువ, అతి పెద్దది నాలుగు దాటే అవకాశం ఎక్కువ. అంటే తేడా ఏమీ లేని చోట ‘అన్నిటికంటే మంచి’ లోడు, ‘అన్నిటికంటే చెత్త’ లోడు కంటే రెండింతలు బాగున్నట్టు కాగితాల మీద కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. మొదట్లో చెప్పిన ఒకటిముప్పావు అంగుళం కాగితం ఇలాంటి పదింటిలోంచి ఏరుకున్నదైతే దాని విలువ ఎంతో ఇప్పుడు ఆలోచించండి. వారం తరవాత అదే లోడుతో మూడుంపావు వస్తే షూటర్ వాతావరణాన్నో, ప్రైమర్ల పెట్టెనో, తన కళ్లజోడునో అనుమానిస్తాడు. ఏదీ మారలేదు. మొదటి రోజు అదృష్టం రెండో రోజు రాలేదు.

కొలిచే పద్ధతి మార్చుకుంటే అయిదు గుండ్లతోనే సరిపెట్టుకోవచ్చు కదా అని అడగొచ్చు. దీనికి జవాబు తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో ఇచ్చారు. ప్రపంచం సి.ఆర్.రావుగా ఎరిగిన ఆయన కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఒక హద్దు నిరూపించారు. ఒక పక్కకు మొగ్గని అంచనా పద్ధతి ఏదైనా సరే, ఎంత తెలివైనదైనా సరే, కొలతల్లో ఉన్న సమాచారం అనుమతించిన దానికంటే ఎక్కువ కచ్చితత్వం ఇవ్వలేదు. క్రామర్-రావు హద్దు అని దాన్నే అంటారు. మన చిల్లులకు అన్వయిస్తే ఇలా వస్తుంది: కాగితం మీది ప్రతి చిల్లు స్థానాన్నీ లెక్కలోకి తీసుకునే అతి మంచి పద్ధతి వాడినా, అయిదు గుండ్లతో చెదురు అంచనాలో అనిశ్చితి సుమారు 25 శాతం. పదితో 17, ముప్పైతో 9, వందతో 5. అందరూ వాడే ‘దూరపు రెండు చిల్లుల’ కొలత అయిదు గుండ్ల దగ్గర దీనికి కొంచెమే తీసికట్టు. గుండ్లు పెరిగేకొద్దీ మరింత వెనకబడుతుంది, ఎందుకంటే పేల్చింది ఎన్నయినా అది కొలిచేది రెండు చిల్లుల మధ్య దూరమే. కాబట్టి ప్రతి చిల్లుకూ గ్రూపు కేంద్రం నుంచి ఉన్న దూరం కొలిచి సగటు తీయడం మేలు. అయినా గుండ్ల కొరతను లెక్కల నేర్పుతో పూడ్చలేం.

రివాల్వర్‌లో ఈ మాటకు ఇంకో బలం ఉంది. ఆరు గదుల సిలిండర్‌తో అయిదు గుండ్ల గ్రూపు పేలిస్తే ఒక గది పరీక్షకే రాలేదు. ఆ గదే తేడాగా ఉంటే? అయిదు గదుల గుండ్లు ఒకచోట పడుతూ, ఆరోది అంగుళంన్నర కుడికి పోతుంటే, ఆ గది ఏ గ్రూపులో పడితే ఆ లోడుకు చెడ్డపేరు వస్తుంది. లోడు మార్చి, సీసం మార్చి, మైనం మార్చి నెలల తరబడి తిరిగినా జబ్బు అక్కడే ఉంటుంది. దీనికి మందు చాలా తేలిక. మార్కర్‌తో గదుల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి, ఆరు కాగితాలు పెట్టి, ఒక్కో గది నుంచి పదేసి గుండ్లు ఒకే లోడుతో తన కాగితం మీదకే పేల్చాలి. పది గుండ్ల కేంద్రం ఒంటి గుండు కంటే మూడింతలు నిలకడగా ఉంటుంది కాబట్టి ఏ గది పక్కకు నెడుతోందో దాగదు. ఈ పరీక్ష చేయకుండా రివాల్వర్‌లో లోడుల మధ్య పోటీ పెట్టడం వృథా అని నా అభిప్రాయం.

ఎదురు వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి, తేలిగ్గా తీసిపారేయదగ్గవి కావు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలు కదా, ఇక్కడ ఇన్నెందుకు అనేది మొదటిది. కుండలో నీళ్లు మరుగుతూ ప్రతి మెతుకునూ ఒకే వేడికి తిప్పుతాయి, అందుకే ఒకటి పట్టి చూస్తే మిగతావి తెలుస్తాయి. గుండ్లను అలా కలిపి ఉడికించేది ఏదీ లేదు. ఒక్కోదాని పోత, గది, మందు ఒరిగిన తీరు ఒక్కోలా ఉంటాయి. మనం పట్టుకోవాలనుకునేది ఆ తేడాలనే. రెండోది, దూరంగా పోయిన గుండు షూటర్ పొరపాటేనని, దాన్ని తీసేసి మిగతా నాలుగూ కొలవాలని. ట్రిగ్గర్ లాగిన క్షణంలోనే, కాగితం చూడకముందే ‘ఇది పోయింది’ అని చెప్పగలిగితే తీసేయొచ్చు. కాగితం చూశాక తీసేయడం సాక్షిని బెదిరించి పంపేయడమే. పైగా తమకు నచ్చని చిల్లును తీసేసేవాళ్లు అనుకోకుండా మధ్యలో పడిన చిల్లును ఎన్నడూ తీసేయరు.

మూడో అభ్యంతరం అనుభవజ్ఞుల తరఫునుంచి వస్తుంది. ఐడహో రాష్ట్రపు ఎల్మర్ కీత్ లాంటివాళ్లు ఏ లెక్కలూ వేయకుండానే మంచి గుండ్లు తీర్చిదిద్దారు కదా అని. నిజమే. కీత్ 1920లలో రూపొందించిన చదును ముక్కు, పదునైన భుజం గల .44 గుండు అచ్చు నేటికీ వాడుకలో ఉంది, 1955లో .44 మాగ్నమ్ రావడానికి ముందు ఎన్నో ఏళ్లపాటు దానికోసం పట్టుబట్టినవాడు ఆయనే. కానీ ఆయన ఏళ్ల తరబడి ఒకే రకం తుపాకులతో, ఒకే రకం గుండ్లతో లెక్కలేనన్ని తూటాలు పేల్చాడు. ఆ తీర్పు వెనక ఉన్నది పెద్ద నమూనా, పుస్తకంలో రాయకపోయినా సరే. ఆయన మాటను ఆదర్శంగా తీసుకునేవాళ్లు ఆయన పేల్చినన్ని గుండ్లను కూడా ఆదర్శంగా తీసుకోవాలి.

వేగమాపకం ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదని, వేగాలు దగ్గరదగ్గరగా ఉన్న లోడే గురి తప్పని లోడని ఇంకొందరు నమ్ముతారు. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 850 అడుగుల వేగంతో వెళ్లే గుండు 25 గజాలు దాటేలోపు భూమ్యాకర్షణ వల్ల ఒకటిన్నర అంగుళం కిందికి దిగుతుంది. వేగం 800కు పడిపోతే 1.7 అంగుళాలు దిగుతుంది. 50 అడుగుల తేడా, కాగితం మీద అంగుళంలో అయిదో వంతు. రివాల్వర్‌లో ఆ కాస్తా కూడా నిలవదు. నెమ్మదైన గుండు బారెల్‌లో ఇంకొంచెం సేపు ఉంటుంది, ఆలోపు తుపాకి మూతి ఎగదన్నుతుంది, గుండు పైకి పడుతుంది. కాబట్టి ఈ దూరంలో వేగాల నిలకడ మంచిదే గానీ, గురికి అది ప్రమాణపత్రం కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చివరిది. చేతితో పట్టి పేల్చేవాడి వణుకు ముందు లోడుల తేడా ఎంత అని. ఇది నిజం, లెక్క కూడా దాన్ని సమర్థిస్తుంది. రెండు చెదుర్లు కలిసినప్పుడు వాటి వర్గాలు కూడతాయి. షూటర్ చెదురు రెండు అంగుళాలు, తూటాది ఒక అంగుళం అయితే మొత్తం 2.24 అంగుళాలు. శ్రమపడి తూటా చెదురును సగానికి తగ్గిస్తే మొత్తం 2.06కు వస్తుంది, ఎనిమిది శాతం లాభం. దీన్ని అయిదు గుండ్లతో పట్టుకోవడం అసాధ్యం. అందుకే లోడును పరీక్షించేటప్పుడు తుపాకిని ఇసుక సంచుల మీద ఆనించాలి. వీలైతే పిడిని బిగించి పట్టే రాన్సమ్ రెస్ట్ లాంటి యంత్రాన్ని వాడాలి. అప్పుడు కూడా చిన్న తేడాల వెంట పడకూడదు. ఒకదానికంటే ఇరవై శాతం మెరుగైన లోడును నమ్మకంగా గుర్తించాలంటే ఒక్కోదానికి వంద గుండ్లు కావాలి, ముప్పై కూడా చాలవు. రెండింతల తేడా అయితే పన్నెండేసి గుండ్లతోనే బయటపడుతుంది. గుండు గది మూతికి సరిపోకపోవడం, అడుగు అంచు చిట్లడం, బారెల్‌లో సీసం పేరుకోవడం లాంటివి పెద్ద తేడాలు తెస్తాయి. మందును గ్రెయిన్ అనే చిన్న తూకంలో పదోవంతు చొప్పున జరిపి వెతికేవాటిలో ఎక్కువ భాగం కాగితం మీది నీడలే.

ఆ నీడల వెంట పరుగులో ప్రమాదం కూడా ఉంది. మందు పెంచుకుంటూ పోతుంటే ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా చిన్న గ్రూపు వస్తుంది. అది ముద్రిత పట్టికలు చెప్పిన గరిష్ఠానికి దగ్గరలో వస్తే, ఇంకొక్క అడుగు వేసి చూద్దామనిపిస్తుంది. ఆ అడుగు వేయించేది కాకతాళీయం, దెబ్బ తినేది సిలిండరూ చేతులూ. పట్టికలోని హద్దు ఒత్తిడి కొలతల మీద నిలిచింది. అయిదు చిల్లులు దాన్ని దాటడానికి అనుమతి కావు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో ఈ పని చేతపట్టినవారుంటే వారికి నా మనవి ఇది. కొత్త లోడు కోసం వెతికేముందు, మీ దగ్గరున్న మామూలు లోడుతోనే అరవై తూటాలు చేసి, గదికి పది చొప్పున పేల్చండి. నచ్చని చిల్లును కూడా రాసుకోండి. చెడ్డ కాగితాలను పారెయ్యకుండా మంచివాటితో కలిపి ఒకే కవరులో పెట్టండి. మీ తుపాకి సంగతి తెలిసేది ఆ కవరు మొత్తం తెరిచి చూసినప్పుడు.